మట్టి అక్కరలేని మొక్క

తర్రెం ఉన్న బస్తర్ అడవుల్లో ఇప్ప, మామిడి కొమ్మలను పట్టుకుని వాండా టెస్సెల్లేటా అనే ఆర్కిడ్ పెరుగుతుంది. రేకుల మీద గోధుమరంగు గళ్లు, మధ్యలో ఊదారంగు పెదవి. చూసినవాళ్లు బదనిక అనుకుంటారు, పాపం! బదనిక చెట్టు రసం పీలుస్తుంది. వాండాకు చెట్టు నిలబడే చోటు మాత్రమే.

అందుకే ఇంట్లో మనం దానికి మట్టి వేయం. వేస్తే గాలాడక వేళ్లు కుళ్లుతాయి. బొగ్గుముక్కలు, పెంకులు నింపిన చెక్కబుట్ట చాలు. ఎండిన వేళ్లు తెల్లగా ఉంటాయి, తడిస్తే పచ్చబడతాయి. తెల్లబడ్డాకే, ఉదయంపూట నీళ్లు పోస్తాం. మధ్యాహ్నపు ఎండ తగలనివ్వం. మొక్కను అడవిలో పీకం, నర్సరీలో కొంటాం.

నాన్నకో అమ్మకో బదిలీ అయితే బుట్టతోనే తీసుకెళ్దాం. ఊడదీస్తే వేళ్లు విరుగుతాయి. కొత్తవి వచ్చేదాకా మొక్క పూయకపోవచ్చు.