ఆకాశవాణిలో జానపద గానం – వింజమూరి సీతాదేవి కృషి

జానపద గేయానికి కర్త పేరుండదు, తాళపత్రమూ ఉండదు. అది పనితో పుట్టి, నోటి నుండి నోటికి సాగుతుంది. పని ఆగిననాడు పాట కూడా మూగవోతుంది. బియ్యపు మరలు వచ్చి రోలు రోకళ్ళు మూలపడగా దంపుడు పాటలు కూడా మరుగునపడినవి. ఇట్టి పాటలకు రేడియో ఎట్లు ఆశ్రయమిచ్చినదో తెలుసుకొనుటకు శ్రీమతి వింజమూరి సీతాదేవి జీవితము మంచి పాఠమని మా అభిప్రాయము.

సీతాదేవి, ఆమె అక్కగారు అనసూయాదేవి (1920–2019) కవి దేవులపల్లి కృష్ణశాస్త్రికి మేనకోడళ్ళు. చదువుకున్నవారు పల్లెపాటలను చిన్నచూపు చూచిన రోజులలో ఈ సోదరీమణులు వాటిని సభావేదికలపైన, రేడియోలోను పాడి గౌరవము కల్పించినారు. తరువాత సీతాదేవి ఆకాశవాణిలో జానపద సంగీత ప్రయోక్తగా పనిచేసినారు.

ప్రయోక్త పని సులభమైనది కాదు. నాట్లు వేయు స్త్రీలు ఒకరు చెప్పగా పదిమంది అందుకొని పూటంతా పాడుదురు. మైకు ముందర ఆ పాట కొద్ది నిమిషాలలో ముగియవలెను. ఏ చరణములు ఉంచవలెను? ఏ వాద్యము చేర్చవలెను? హంగులు మితిమీరినచో పల్లె యాస పోవును. ఈ వివేకమే జానపద ప్రయోక్తకు ప్రాణము.

సినీ పరిశ్రమకు ఆటపట్టయిన మన శ్రీనగర్ కాలనీ వాసులకు మరొక సంగతి ఆసక్తి కలిగించును. 1979లో నిర్మితమైన ‘మా భూమి’ చిత్రమునకు కె. నాగేశ్వరరావుతో కలిసి సంగీతము కూర్చినది సీతాదేవియే. తెలంగాణ రైతాంగ పోరాటకాలమున బండి యాదగిరి కట్టిన పాటను అందులో గద్దర్ పాడగా అది ఊరూరా మారుమ్రోగినది. సీతాదేవి 2016లో కన్నుమూసినారు.

ఈ విషయమున ఉర్దూ, తెలుగు వేరు కావు. తెలుగింట తిరుగలి పాట యున్నట్లే, దక్కనీలో తిరుగలి త్రిప్పుచు పాడుకొను చక్కీనామాలు కలవు. బీజాపూరు సూఫీల సంప్రదాయమున 17వ శతాబ్దినాటికే అవి వెలసినవి. హైదరాబాదు ముస్లిముల పెండ్లిండ్లలో ఢోలక్ గీతములు ప్రసిద్ధములు. రెండు భాషలలోను వీటిని కాపాడినది స్త్రీల కంఠమే.

సీతాదేవి వంటివారికి స్టూడియో అవసరమైనది. నేటి విద్యార్థికి చేతిలోని ఫోను చాలును. సెలవులలో మీ అమ్మమ్మ, నానమ్మ లేక నానీ, దాదీ పాడు పాటను వారి అనుమతితో రికార్డు చేయుడు. పాడినవారి పేరు, ఊరు, పాడు సందర్భము తప్పక వ్రాసి ఉంచుడు. కళాశాల కమిటీ వారు వీటికి గ్రంథాలయమున ఒక చోటు కల్పింపవలెనని కోరుచున్నాము. పుస్తకము పోయినచో మరొక ప్రతి దొరకవచ్చును, కంఠము పోయినచో పాట మరల దొరకదు.