తోచని ప్రొద్దు

చిరంజీవి నాయనకు తాతయ్య ఆశీస్సులు.

పరీక్షలు ముగిసినది మొదలు ప్రొద్దుపోవుట లేదనియు, పుస్తకము తెరచిన రెండు పుటలకే మూయవలెననిపించుచున్నదనియు, ఫోను చేతబట్టి గంటలు గడపిన పిదప మనస్సు మరింత వెలితిపడుచున్నదనియు వ్రాసితివి. దీనిని నీ యొక్కని దౌర్బల్యముగా నెంచి క్రుంగకుము. ఇది మిక్కిలి పురాతనమైన వేదన.

క్రీ. శ. 399లో కాలధర్మము నొందిన ఎవాగ్రియస్ అను క్రైస్తవ సన్న్యాసి, ఈజిప్టు ఎడారిలో తపస్సు చేయు తనవంటివారిని పగలు పదింటి నుండి రెండింటి వరకు పీడించు ఈ స్థితిని మధ్యాహ్నపు పిశాచమని పేర్కొని, దాని చేష్టలను కన్నులకు కట్టునట్లు వర్ణించినాడు. అది ఆవహించినవానికి సూర్యుడు కదలనట్లును, పగలు ఏబది గంటలైనట్లును తోచును. వాడు మాటిమాటికి కిటికీవంక చూచును, మూడుగంటల భోజనవేళకు ఇంకెంత ప్రొద్దున్నదో యని కుటీరము వెలుపలికి వచ్చి ఆకసము పరికించును, పలుకరించుటకు తోటివారెవరైన వచ్చుచున్నారేమో యని నలుదెసలు చూచును. తుదకు తానున్న చోటిపైనను, చేయు చేతిపనిపైనను, బ్రతుకుపైనను రోత పుట్టును. దీనికాయన చెప్పిన ముఖ్యచికిత్స కుటీరము విడిచి పారిపోకుండుట. ఆ పోరు ముగిసిన పిదప శాంతియు, మాటలకందని ఆనందమును కలుగునని ఆయన సాక్ష్యము.

తరువాతి వారు దీనిని సోమరితనముతో కలిపి మహాపాపములలో చేర్చిరి. అది సరికాదని నా దృఢాభిప్రాయము. సోమరికి పనియందు కోరిక లేదు. తోచనివానికి కోరిక కలదు, ఆ కోరికకు తగిన వస్తువు మాత్రము దొరకలేదు. ఆ వెదకులాటయే దీని విలువ. అయితే దినమంతయు యంత్రము ముందు నిలిచి ఒకే మరను బిగించు కూలివాని విసుగును, చెరసాలలోని ఖైదీ విసుగును నేను కొనియాడజాలను. వానికి మందు ఓర్పు గాదు. నేను చెప్పునది నీవంటివాని తీరికను గూర్చియే.

1930లో ఆనందసాధనను గూర్చి గ్రంథము వ్రాసిన బెర్ట్రండ్ రసెల్, విసుగునకు అందొక యధ్యాయమును కేటాయించి, ఎడతెగని ఉత్తేజమునకు అలవడిన మనస్సును మిరియపు కారమునకు మరిగిన నాలుకతో పోల్చెను: మోతాదు పెరుగుచుండును, రుచి తరుగుచుండును. 2014లో ప్రకటితమైన వర్జీనియా విశ్వవిద్యాలయ పరిశోధనమును చదివి నేను మిగుల వ్యథ చెందితిని. ఒంటిగా 15 నిమిషములు ఊరక కూర్చుండుమన్నందుకే, 18 మంది పురుషులలో 12 మంది, అంతకుముందు చవిచూచి వలదన్న విద్యుద్ఘాతమునే తమకు తాము కలిగించుకొనిరట.

కావున నాయనా, రేపు మధ్యాహ్నము ఏమియు తోచనపుడు ఫోనును అమ్మచేతికిచ్చి, వీధి అరుగుమీద ఒక అరగంట కూర్చుండుము. మొదట దుర్భరముగా నుండును, లేవకుము. పిమ్మట మనస్సు తనంత తానే ఏదో యొక దిక్కునకు పోవును, మరచిన స్నేహితునివైపో, సగములో విడిచిన బొమ్మవైపో, ఇన్నాళ్లు అడుగుటకు జంకిన ప్రశ్నవైపో. దానిని వెంబడింపుము. అది ఎచటికి కొనిపోయినదో నాకు వ్రాయుము. పెద్ద సంగతియే కానక్కరలేదు.

ఇట్లు,
నీ మేలుగోరు
తాతయ్య