ఏ లాగ్ డిలీట్ చేస్తున్నావు?

2017 అక్టోబర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ పదో వెర్షన్ వచ్చినప్పుడు ఒక ఫోల్డర్ పేరు మార్చారు. అంతకుముందు దాని పేరు పీజీ_ఎక్స్‌లాగ్, ఇప్పుడు పీజీ_వాల్. కారణం వింటే ముందు నవ్వొస్తుంది, తర్వాత భయమేస్తుంది. డిస్క్ నిండిపోయినప్పుడు కొందరు ఆ పేరులో "లాగ్" అన్న మాట చూసి, ఇవేవో పాత లాగ్ ఫైళ్లే కదా అని డిలీట్ చేసేసేవారు. కానీ అందులో ఉండేది డేటాబేస్ ప్రాణం. పక్కనే పీజీ_క్లాగ్ అని ఇంకొకటి ఉండేది. ఏ ట్రాన్సాక్షన్ కమిట్ అయ్యింది, ఏది కాలేదు అన్నది అందులో ఉంటుంది. దానికీ అదే గతి పట్టేది కాబట్టి దాని పేరు కూడా పీజీ_ఎక్స్‌యాక్ట్ అని మార్చారు.

సాహిత్య క్లబ్ పత్రికలో ఈ సర్వర్ గొడవేంటి అనుకోకండి. ఇది సగం మాటల గొడవే. "లాగ్" అనే ఒక్క మాటని మనం రెండు వేరే వేరే వస్తువులకి వాడుతున్నాం. తెలుగులో అయితే ఆ ఇబ్బంది లేదు. మా అక్క ఇంటర్ సీఈసీ చదివేటప్పుడు ఆమె కామర్స్ పుస్తకంలో రెండు మాటలు చూశాను: చిట్టా, ఆవర్జా. జరిగిన లావాదేవీని జరిగిన వరుసలో వెంటనే చిట్టాలో రాస్తారు. తర్వాత దాన్ని ఎవరి ఖాతా కింద వాళ్లకి ఆవర్జాలోకి ఎక్కిస్తారు. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు రైట్ అహెడ్ లాగ్ ఏంటో నిజంగా ఆ రెండు మాటలతోనే అర్థమైంది. పీజీ_వాల్ ఫోల్డర్ చిట్టా. టేబుళ్లు, ఇండెక్సులు ఉన్న ఫైళ్లు ఆవర్జా. మనం మామూలుగా "సర్వర్ లాగ్" అనేది ఈ రెండూ కాదు. అది గేటు దగ్గర వాచ్‌మన్ రాసుకునే పుస్తకం. ఎప్పుడు ఏం జరిగిందో అందులో ఉంటుంది, కానీ అది పోతే డేటా పోదు.

మన ఫెస్ట్ రిజిస్ట్రేషన్ లాంటి చిన్న సైట్ ఊహించుకోండి. ఒకమ్మాయి డబ్బు కట్టింది, "కన్ఫర్మ్డ్" అని స్క్రీన్ మీద వచ్చింది. ఆ మాట చూపించడానికి ముందు డేటాబేస్ చేసిన పని ఒక్కటే: చిట్టాలో ఆ ఎంట్రీ రాసి, అది డిస్క్‌లోకి చేరేదాకా ఆగడం. ఆవర్జాలో ఆమె ఉండాల్సిన 8 కేబీ పేజీ ఇంకా ర్యామ్‌లోనే ఉండొచ్చు. చెక్‌పాయింట్ వచ్చినప్పుడు అది డిస్క్‌కి వెళ్తుంది. సెట్టింగ్స్ మార్చకపోతే చెక్‌పాయింట్ మామూలుగా 5 నిమిషాలకి ఒకసారి. ఈ మధ్యలో కరెంటు పోతే ఆమె డబ్బు కట్టిందనడానికి చిట్టా తప్ప ఇంకే సాక్ష్యమూ లేదు.

ఇప్పుడు సర్వర్ పడిపోయిందనుకుందాం. మొదట చదవాల్సింది వాచ్‌మన్ పుస్తకం. అది కూడా చివరి లైన్ కాదు, మొదట తేడా వచ్చిన లైన్. ఆటోమేటిక్‌గా పదిసార్లు రీస్టార్ట్ అయిన సర్వర్‌లో చివర కనిపించేదంతా పదో ప్రయత్నం ఏడుపే. అసలు దెబ్బ చాలా పైన ఉంటుంది. (మెసేజీలు టెర్మినల్‌లో ఇంగ్లీషులోనే వస్తాయి, ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను.)

"టెర్మినేటెడ్ బై సిగ్నల్ 9: కిల్డ్" అని ఉంటే, డేటాబేస్ తనంతట తాను చావలేదు, ఎవరో చంపారు. మనుషులు ఎవరూ కిల్ కమాండ్ కొట్టకపోతే అనుమానం లైనక్స్ కెర్నల్ మీదకే పోవాలి. ర్యామ్ అయిపోతే అది ఒక ప్రాసెస్‌ని ఎంచుకుని చంపేస్తుంది. డేటాబేస్ లాగ్‌లో ఈ కారణం కనిపించదు, చంపింది ఎవరో దానికి తెలీదు కాబట్టి. కెర్నల్ లాగ్‌లో "అవుట్ ఆఫ్ మెమరీ" అని వెతకాలి. దొరికితే తర్వాత చూడాల్సింది వర్క్_మెమ్ సెట్టింగ్. అది మొదట 4 ఎంబీ ఉంటుంది. క్వెరీ స్లోగా ఉందని ఎవరో 256 ఎంబీ చేశారనుకోండి. 100 కనెక్షన్లు ఒకేసారి ఒక్కో సార్టింగ్ చేస్తే 25 జీబీ కావాలి. అదీ ఒక్కో క్వెరీలో ఒక్క సార్టే ఉంటే. ఆ పరిమితి మొత్తం సర్వర్‌కి కాదు, ప్రతి సార్ట్‌కీ విడివిడిగా అని చాలామంది గమనించరు.

సిగ్నల్ 11 అయితే వేరే కథ. సాఫ్ట్‌వేర్ బగ్ కావచ్చు, ఏదో ఎక్స్‌టెన్షన్ కావచ్చు, ర్యామ్ చిప్ పాడై ఉండొచ్చు. కోర్ డంప్ లేకుండా దీని గురించి వాదించుకోవడం టైం వేస్ట్.

చచ్చింది ఒక్క ప్రాసెసే అయినా కనెక్షన్లన్నీ ఎందుకు తెగిపోతాయి? అందరూ ఒకే షేర్డ్ మెమరీ వాడుతున్నారు. చచ్చినవాడు దాన్ని సగం రాసి వదిలేశాడేమో ఎవరికి తెలుసు? అందుకని పోస్ట్‌గ్రెస్ అందరినీ బయటికి పంపి, ఆ మెమరీని పారేసి, చిట్టా తీసి చివరి చెక్‌పాయింట్ నుంచి మళ్లీ ఎక్కిస్తుంది. రికవరీ అంటే అదే. ఎగ్జామ్‌లో మనం రాసే ఏరీస్ అల్గారిథమ్‌లో (1992, ఐబీఎంలో సి. మోహన్, ఆయన సహచరులు) అనాలిసిస్, రీడూ, అన్‌డూ అని మూడు దశలుంటాయి. పోస్ట్‌గ్రెస్‌లో మూడోది లేదు. కమిట్ కాని వరసలు ఫైల్లోనే పడి ఉంటాయి కానీ ఎవరికీ కనిపించవు, తర్వాత వాక్యూమ్ వచ్చి ఊడుస్తుంది. మార్కుల కోసం మాత్రం మూడూ రాయండి.

రికవరీ చివర్లో "ఇన్‌వాలిడ్ రికార్డ్ లెంగ్త్" అని ఒక లైన్ వస్తుంది. అది చూసి కంగారు పడేవాళ్లు ఎక్కువ, కానీ మామూలుగా అది ఎర్రర్ కాదు. చిట్టాలో రాసిన చోటు అయిపోయి ఖాళీ కాగితం వచ్చిందని అర్థం. కొంచెం పైన "రీడూ స్టార్ట్స్ ఎట్", కింద "రెడీ టు యాక్సెప్ట్ కనెక్షన్స్" ఉంటే సర్వర్ దాని పని అది చేసుకున్నట్టే.

అసలు కష్టం రికవరీయే ఫెయిల్ అయినప్పుడు. ఎక్కువగా వినిపించే కథ డిస్క్ నిండడం. చిట్టాలో రాయడానికి చోటు లేక సర్వర్ "పానిక్" అని ఆగిపోతుంది. రీస్టార్ట్ చేస్తే రికవరీకి కూడా డిస్క్ మీద రాయాలి, చోటు లేదు, మళ్లీ పడిపోతుంది. సరిగ్గా ఈ టైంలోనే ఎవరో ఒకరు డిస్క్‌లో ఎక్కువ చోటు తింటున్నదేంటని చూస్తారు. పీజీ_వాల్ కనిపిస్తుంది. ఒక్కొక్కటి 16 ఎంబీ ఫైళ్లు, వందల కొద్దీ. చెయ్యి దురద పెడుతుంది.

అందులో నిజంగా అక్కర్లేనివి ఉండొచ్చు. కానీ తేదీ చూసి ఏది పాతదో చెప్పలేం. వాడేసిన ఫైల్‌ని పోస్ట్‌గ్రెస్ కొత్త పేరు పెట్టి ముందుముందు వాడటానికి దాచుకుంటుంది కాబట్టి తేదీలు మోసం చేస్తాయి. రికవరీ ఏ ఫైల్ నుంచి మొదలవ్వాలో పీజీ_కంట్రోల్‌డేటా అనే కమాండ్ చెప్తుంది. చోటు కావాలంటే ఇంకెక్కడైనా చూడండి: వాచ్‌మన్ పుస్తకాల పాత సంచికలు, మర్చిపోయిన డంప్ ఫైళ్లు, లేదా డిస్క్ సైజే పెంచడం. సర్వర్ లేచాక చిట్టా ఎందుకు అంత పేరుకుందో కనుక్కోవాలి. ఆర్కైవ్ కమాండ్ ఫెయిల్ అవుతూ ఉండొచ్చు. లేదా ఎప్పుడో తీసేసిన రెప్లికా కోసం పెట్టిన రెప్లికేషన్ స్లాట్ ఇంకా అలాగే ఉండొచ్చు. రాని చుట్టం కోసం వండిన అన్నం దాస్తూ కూర్చున్నట్టు, అది ఒక్క ఫైల్ కూడా పోనివ్వదు.

చిట్టా ఫైళ్లు అప్పటికే పోయి ఉంటే "కుడ్ నాట్ లొకేట్ ఎ వాలిడ్ చెక్‌పాయింట్ రికార్డ్" అని వస్తుంది. ఇక్కడ నెట్‌లో తేలిగ్గా దొరికే సలహా పీజీ_రీసెట్‌వాల్. కొట్టగానే సర్వర్ లేస్తుంది, అందరూ చప్పట్లు కొడతారు. అది చేసింది చిట్టా చింపేసి కొత్త పుస్తకం తెరవడం. సగం ఎక్కించిన ఆవర్జా సగంలోనే ఉండిపోతుంది. ఆ అమ్మాయి పేరున్న పేజీ డిస్క్‌కి చేరి, సీట్ల లెక్క ఉన్న పేజీ చేరకపోతే, అదే సీటు ఇంకొకరికి అమ్ముడుపోతుంది. టేబుల్‌లో ఉన్న రోల్ నంబర్ ఇండెక్స్‌లో లేకపోతే, యూనిక్ అని పెట్టిన కాలమ్‌లో కూడా అదే నంబర్ రెండోసారి దూరిపోతుంది. ఎర్రర్ ఏమీ రాదు. అందుకే ఆ కమాండ్ వాడక తప్పకపోతే, ముందు సర్వర్ ఆపి డేటా డైరెక్టరీ మొత్తం వేరే డిస్క్‌కి కాపీ తీయాలి. తర్వాత కొత్తగా ఏమీ రాయనివ్వకుండా డంప్ తీసి, కొత్త క్లస్టర్‌లోకి ఎక్కించి, లెక్కలు చేత్తో సరిచూసుకోవాలి. మంచి బ్యాకప్ ఉంటే అసలు ఆ కమాండ్ జోలికే వెళ్లక్కర్లేదు. మైఎస్‌క్యూఎల్‌లో దీనికి అన్నలాంటిది ఇన్నోడీబీ_ఫోర్స్_రికవరీ, 1 నుంచి 6 దాకా. 4 దాటితే ఇక చూడక్కర్లేదు అనుకోకండి. 4 దగ్గర నుంచే డేటా ఫైళ్లు శాశ్వతంగా పాడవ్వొచ్చని వాళ్ల మాన్యువలే హెచ్చరిస్తుంది.

క్రాష్ అంటే ఎప్పుడూ చెడ్డదేనా? 2018లో పోస్ట్‌గ్రెస్ డెవలపర్ల మధ్య ఒక పెద్ద చర్చ నడిచింది, దాన్ని ఎఫ్‌సింక్‌గేట్ అంటారు. డిస్క్‌కి రాయమని కెర్నల్‌ని ఎఫ్‌సింక్‌తో అడిగితే ఒకసారి ఫెయిల్ అయ్యిందనుకోండి. పోస్ట్‌గ్రెస్ మళ్లీ అడిగేది. రెండోసారి "ఓకే" అని వచ్చేది. కానీ లైనక్స్ మొదటిసారి ఫెయిలైన పేజీల మీద "రాసేశాం" అన్న గుర్తే పెట్టి వదిలేసేది. రెండో ఓకేలో నిజం లేదు. అది నమ్మి చెక్‌పాయింట్ పూర్తయ్యేది, ఇక ఆ చిట్టాతో పని లేదని అది కూడా పోయేది. 2019 ఫిబ్రవరిలో వచ్చిన రిలీజుల్లో దీనికి చేసిన రిపేర్ ఏంటంటే, ఎఫ్‌సింక్ ఒక్కసారి ఫెయిలైతే చాలు, సర్వర్ కావాలనే పానిక్ అయ్యి పడిపోతుంది. పడితే చిట్టా నుంచి మళ్లీ ఎక్కించుకోవచ్చు కదా. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే నచ్చిన డిజైన్ నిర్ణయం ఇదే.

ఇదంతా ల్యాప్‌టాప్‌లో చూడొచ్చు. ఒక వర్చువల్ మెషిన్‌లో పోస్ట్‌గ్రెస్ వేసి, లూప్‌లో ఇన్సర్ట్‌లు నడిపిస్తూ, కమిట్ అయిన చివరి నంబర్ స్క్రీన్ మీద ప్రింట్ చేయించండి. మధ్యలో పీజీ_సీటీఎల్‌తో "ఇమీడియట్" మోడ్‌లో స్టాప్ కొట్టండి. స్టార్ట్ చేశాక లాగ్‌లో "నాట్ ప్రాపర్లీ షట్ డౌన్" లైన్ వెతికి, టేబుల్‌లో చివరి నంబర్ చూడండి. స్క్రీన్ మీద ఉన్న నంబర్ కంటే ఒకటి ఎక్కువ ఉండొచ్చు, కమిట్ అయ్యి ప్రింట్ అయ్యేలోపే ఆగిపోయి ఉంటే. తక్కువ మాత్రం ఉండదు. తర్వాత సింక్రనస్_కమిట్ ఆఫ్ చేసి, లూప్ కొంచెం వేగంగా నడిపి, ఇదే మళ్లీ చేయండి. ఈసారి తక్కువ రావొచ్చు. ఎందుకో చెప్పడానికి మీ దగ్గర ఇప్పుడు రెండు తెలుగు మాటలున్నాయి.