రాకెట్టు తిరిగి వచ్చుట

"ఆకాశయానమునకు అంత ధనమేల?" అని మీ పిల్లలు తరగతిలో తరచు అడుగుదురు. ఇంట మీరును జవాబు చెప్పవలసి వచ్చును గనుక ఈ నాలుగు మాటలు.

ఇంధనము ఖరీదైనదని పెక్కురి యభిప్రాయము. అది పొరపాటు. ఫాల్కన్-9 రాకెట్టు వాడునది శుద్ధిచేసిన కిరసనాయిలు, ద్రవ ప్రాణవాయువు. మొత్తము ఖర్చులో వాని పాలు అత్యల్పము. అసలు వ్యయము యంత్రముది. ఒక్క ప్రయాణము కాగానే దానిని సముద్రము పాలు చేయుట చిరకాలము ఆచారమై యుండెను. ఒక్కసారి రేవు దాటించి పడవను ముంచివేయువాడు బాడుగ ఎంత అడుగవలెను?

2002లో అమెరికాలో ఎలాన్ మస్క్ స్థాపించిన స్పేస్ ఎక్స్ సంస్థ ఈ చిక్కును విప్పబూనెను. 2006 మొదలు మూడు ప్రయోగములు వరుసగా విఫలమయ్యెను. చేతి సొమ్ము అడుగంటెను. 2008 సెప్టెంబరులో నాల్గవది సఫలమయ్యెను. ఆ డిసెంబరులోనే నాసా 12 సరకు ప్రయాణములకు 160 కోట్ల డాలర్ల ఒప్పందము చేసికొనెను. ప్రైవేటు సంస్థల ఘనతను పొగడువారు ఈ ప్రభుత్వ ధనమును మరచుట న్యాయము కాదు. 2015 డిసెంబరులో ఫాల్కన్-9 యొక్క తొమ్మిది ఇంజనుల క్రింది భాగము, 11 ఉపగ్రహములను పైకి సాగనంపి, కేప్ కెనవరల్‌లో నిలువుగా నేలకు దిగెను. 2017 మార్చిలో ఒకసారి ఎగిరిన భాగమే మరల ఎగిరెను.

తిరిగివచ్చుట మాత్రమే చాలునా? 1981 నుండి 2011 వరకు నాసా వారి స్పేస్ షటిల్ కూడ తిరిగి వచ్చుచుండెడిది. కాని ప్రతిసారియు వేలకొలది పలకలను పరీక్షించి, ఇంజనులను విప్పి సరిచేయవలసి యుండెను. ఒక నాసా పరిశోధకుని 2018 నాటి లెక్కలో, కిలో బరువును భూకక్ష్యకు చేర్చుటకు షటిల్‌లో సుమారు 54,500 డాలర్లు, ఫాల్కన్-9లో సుమారు 2,700. మనుష్యుడు ఎక్కవలెనన్నచో మాత్రము నేటికిని కోట్ల రూపాయలే.