అప్పుడే పుట్టిన దూడలను కాకులు, గద్దల బారినుండి కాపాడుకొను విధము

రైతులారా!

చూడి పశువును నెలల తరబడి మేపి, ఈనుదాక కనిపెట్టుకొనియుండి, దూడ నేలబడిన గడియలోనే ఏమరుపాటుచేత దానిని పోగొట్టుకొనుట మిక్కిలి శోచనీయము. ఈ నష్టము ఒక్క దూడతో తీరునది కాదు. మన నాటు ఆవులును బఱ్ఱెలును పెక్కు దూడ మూతి తగిలినగాని చేపవు. దూడ చచ్చినచో పాలు ఎగజేపును. ఆ ఈత పాడి అంతయు చెడును. పెయ్య పోయినచో ముందుకు రాదగిన పాడిపశువు పోయినట్లే; కోడె పోయినచో కాడికి రాదగిన ఎద్దు పోయినట్లే. కావున ఈ క్రింది సంగతులను శ్రద్ధతో చదివి ఆచరింపవలయును.

1. ఏ పక్షివలన ఎట్టి హాని

దక్కను పల్లెలలో లేగదూడలకు ముఖ్య శత్రువు కాకి. మెడ బూడిదవన్నె గల ఊరకాకియు, ఒడలెల్ల నల్లనై ముక్కు లావుగానుండు బొంతకాకియు రెండును హాని చేయునవే. కాకి పశువుల మీద వ్రాలి పిడుదులను ఏరి తినును. అందుచేత పశువు దానికి అలవాటుపడి బెదరదు. ఈ అలవాటే ఈనెడు వేళ ముప్పు తెచ్చును. కాకి దూడ యొక్క పచ్చిబొడ్డును, కంటిని, నాలుకను, ఆసనమును పొడుచును. పరుండి నొప్పులు పడుచున్న తల్లి యోనిని సైతము పొడుచుట కలదు.

గద్ద కోడిపిల్లను తన్నుకొనిపోగలదు గాని దూడను ఎత్తజాలదు. అది మావికొఱకు వచ్చును. అది తిరుగుచున్నచోట కాకులును కుక్కలును చేరును.

మన దేశపు రాబందులు పీనుగులను తిని బ్రదుకునవి. అమెరికా దేశమున నల్లరాబందులు అను వేఱుజాతి పక్షులు గుంపుగా వచ్చి ఈనుచున్న ఆవులను, దూడలను పొడిచి చంపుట కలదు. ఆ దేశపు వార్త విని మన రాబందులపై నింద వేయరాదు.

2. ఏ సమయమున ముప్పు అధికము

లేచి నిలిచి, తల్లి పాలు త్రాగి, ఒడలు ఆరిన దూడను కాకి సులభముగా పొడువలేదు. తడిసి, తల ఎత్తలేక, నేలపై పడియున్న దూడయే దానికి చిక్కును. చక్కగా ఈనిన దూడ సాధారణముగా ఒక గంట, రెండు గంటలలో లేచును. తొలిచూలు దూడలు, కవలలు, కష్టపు కాన్పున పుట్టినవి ఆలస్యముగా లేచును. కావున రైతు పోరాడవలసినది పక్షితో కాదు, ఆలస్యముతో. దూడ నేలబడియుండు కాలమును తగ్గించి, ఆ కాలమున కాపలా ఉన్నచో ముప్పు చాలవఱకు తొలగును.

3. ఈనుటకు పూర్వము చేయవలసిన పనులు

పశువును దాటించిన తేదీ వ్రాసియుంచుకొనవలెను. ఆవునకు సుమారు 280 దినములు, బఱ్ఱెకు సుమారు 310 దినములు చూలు మోయుకాలము. గడువునకు 15 దినములు ముందుగానే పశువును దూరపు బీళ్లకు తోలుట మాని ఇంటికడ ఉంచవలెను. పొదుగు బిగియుట, తోకమొదట ఇరుప్రక్కల గుంటలు పడుట, యోని వాచి తీగవలె జిగురు కారుట ఈనెడు గుర్తులు.

పది అడుగుల వెడల్పు, పన్నెండు అడుగుల పొడవు గల చోటును పైకప్పుతో ప్రత్యేకింపవలెను. ప్రక్కలకు తడికలు కట్టవలెను. సందులున్నచో పాత చేపలవలను బిగువుగా సాగదీసి కట్టవచ్చును. వదులుగా వ్రేలాడినచో దూడ కాళ్లు చిక్కుపడును. నేలపై ఎండు వరిగడ్డి పఱవవలెను. కాకులు రాత్రి గుమిగూడు చెట్ల క్రింద పశువును ఈనింపరాదు. పసులపోలిగాడు గూడు పెట్టుకొన్న చెట్టును మాత్రము చెఱుపకుడు. ఆ చిన్నపిట్ట తన గూటి దరికి వచ్చు కాకిని, గద్దను తఱిమికొట్టును.

4. ఈనెడు వేళ

ఒక మనిషి కొంచెము దూరమున కూర్చుండి చూచుచుండవలెను. మనిషి ఉన్నచోట కాకి వ్రాలుటకు జంకును. ఇంతకంటె మంచి ఉపాయము లేదు. ఉమ్మనీటి తిత్తి పగిలిన తరువాత ఒకటి, రెండు గంటలైనను దూడ రానిచో పశువైద్యుని పిలువవలెను.

దూడ పడినతోడనే ముక్కులోను నోటిలోను గల జిగురు తీసి, తల్లిచేత నాకింపవలెను. తల్లి నాకనిచో ఎండుగడ్డితోగాని గోనెపట్టతోగాని రుద్దవలెను. పొట్టకు రెండు అంగుళముల దూరమున బొడ్డును శుభ్రమైన దారముతో ముడివేసి, ఆ ముడికి క్రిందుగా శుభ్రమైన బ్లేడుతో కోసి, కొనను టింక్చరు అయొడిన్‌లో ముంచవలెను. రెండు మూడు దినములు ఉదయము సాయంకాలము ఇట్లే చేసినచో బొడ్డు త్వరగా ఎండును. ఎండిన బొడ్డును కాకి అంతగా లక్ష్యపెట్టదు.

మావి పడువఱకు దూడకు పాలు త్రాగింపరాదను నమ్మకము పెక్కు పల్లెలలో కలదు. ఇది తగదు. ముఱ్ఱుపాలు మొదటి గంటలోనే త్రాగింపవలెను. దూడకు రోగములను ఎదిరించు బలము అందులో కలదు. ఆ బలమును గ్రహించు శక్తి దూడ ప్రేగులకు గంట గంటకు తగ్గి ఒక దినములో దాదాపు నశించును. దూడ బరువులో పదవవంతు పాలు దినమునకు కావలయును. అనగా 20 కిలోల దూడకు 2 కిలోలు, మూడు నాలుగు తడవలుగా ఇయ్యవలెను. దూడ చీకినచో తల్లికి మావి పడుటయు సులభమగును.

మావిని గడ్డిలో చుట్టి మఱ్ఱి మొదలగు పాలచెట్లకు వ్రేలాడగట్టు ఆచారము కొన్ని చోట్ల కలదు. దానిచే కాకులును కుక్కలును దొడ్డికి మరగును. ఆచారము విడువజాలనివారు ఆ చెట్టు మొదటనే లోతుగా గొయ్యి తీసి, సున్నము చల్లి పాతిపెట్టవచ్చును. పెంటకుప్పపై పాఱవేయరాదు. పండ్రెండు గంటలు గడచినను మావి పడనిచో వైద్యునికి చూపవలెనేగాని దానికి రాయి మొదలగు బరువులు కట్టి లాగరాదు.

5. మొదటి పది దినములు

బొడ్డు ఎండి రాలువఱకు దూడను కప్పు క్రిందనే ఉంచవలెను. తల్లిని మేతకు తోలి దూడను ఆరుబయట గుంజకు కట్టరాదు. కట్టివేసిన దూడ కాకినుండి తప్పించుకొనజాలదు. ఎండకాలము కాకులు గూళ్లు పెట్టి పిల్లలను మేపుకాలము గనుక అప్పుడు మఱింత జాగ్రత్త వలయును. పశువుల వీపులపై కాడిపుండ్లుగాని ఇతర పుండ్లుగాని ఉన్నచో మాన్పవలెను. పుండు రుచి మరగిన కాకి విడువక వచ్చును.

6. పొడువబడిన దూడకు చికిత్స

బొడ్డు గాయమైనచో కాచి చల్లార్చిన ఉప్పునీటితో కడిగి టింక్చరు అయొడిన్ పూయవలెను. గాయము చుట్టును వేపనూనె రాచినచో ఈగ వ్రాలదు. ఈగ వ్రాలినచో పురుగులు పడి దూడ ప్రాణమునకే మోసము వచ్చును. ప్రేగు వెలికి వచ్చినచో లోనికి త్రోయక, తడిపిన శుభ్రమైన గుడ్డ కప్పి వెంటనే వైద్యుని పిలువవలెను. కంటికి దెబ్బ తగిలినచో సున్నముగాని పొగాకురసముగాని వేయరాదు. చల్లార్చిన నీటితో కడిగి ఆ దినముననే పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. నాలుక గాయపడి చీకలేని దూడకు ముఱ్ఱుపాలు పిదికి గిన్నెతో మెల్లగా త్రాగింపవలెను.

7. చేయరాని పనులు

కాకులపై కోపముచే మాంసమునందు విషము కలిపి పెట్టుట మహాపరాధము. ఆ విషము కుక్కను, గద్దను, రాబందును, ఒక్కొక్కప్పుడు పశువును గూడ చంపును. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము క్రింద శిక్షకును గుఱిచేయును.

రాబందులు 1990 తరువాత మన దేశమున మిక్కిలి క్షీణించినవి. పశువుల నొప్పికి ఇచ్చు డైక్లోఫెనాక్ అను మందు చచ్చిన పశువు మాంసములో నిలిచి, దానిని తిన్న రాబందుల మూత్రపిండములను చెఱచినది. 2006లో ప్రభుత్వము ఆ మందును పశువులకు నిషేధించినది. మెలాక్సికామ్ రాబందులకు హాని చేయదు. నొప్పికి అట్టి మందునే వైద్యుని అడుగవలెను. పీనుగులను ఊడ్చివేయు రాబందు లేనిచోట కుక్కలు పెరుగును, దొడ్డికి అపాయము హెచ్చును.

8. సంగ్రహము

తేదీ వ్రాసికొనుడు. కప్పు క్రింద ఈనింపుడు. మనిషిని కాపు ఉంచుడు. దూడ ఒడలు ఆర్పుడు. బొడ్డుకు అయొడిన్ పూయుడు. మావికొఱకు కాచుకొనక ముఱ్ఱుపాలు త్రాగింపుడు. మావిని పాతిపెట్టుడు. విషము పెట్టకుడు.

వీనికి కావలసినది కొద్దిపాటి వరిగడ్డి, మూర దారము, చిన్న సీసా మందు, కొన్ని గంటల ఓపిక. ఇంతమాత్రము చేసిన రైతు దొడ్డిలో దూడయు నిలుచును, పాడియు నిలుచును.