ఇంటి చదువుకు చెల్లుబాటు ఎక్కడ?



హైదరాబాదు ఫిల్మ్‌నగర్‌లో ఉంటూ బిడ్డను బాలనటిగా పెంచుతున్న తల్లికి, బడి మాన్పించి ఇంట్లోనే చదువు చెప్పించాలన్న ఆలోచన రావడం సహజమే గాని, ఆ పని తలపెట్టే ముందు చదువు చెప్పడం వేరు, చదివినట్టు ధ్రువీకరించడం వేరు అన్న సంగతిని స్పష్టంగా గ్రహించాలి. మొదటిది ఇంట్లోనైనా, అవుట్‌డోర్ షూటింగులోనైనా జరగవచ్చు. రెండవదాన్ని మన చట్టం తల్లిదండ్రులకు గాని, ట్యూషన్ మాస్టారికి గాని అప్పగించలేదు. అమెరికాలోని బంధువులు చెప్పే పద్ధతిని ఇక్కడికి అన్వయించుకుంటే చిక్కు అక్కడే మొదలవుతుంది. టెక్సాస్ సుప్రీంకోర్టు 1994లో లీపర్ కేసులో, నిజాయతీగా నడిచే ఇంటి బడిని ప్రైవేటు బడిగానే లెక్కించాలని తీర్పునిచ్చింది గనుక, అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబం తన బిడ్డకు తానే డిప్లొమా రాసి ఇవ్వగలదు. అదే కాగితాన్ని జూబ్లీహిల్స్‌లో ఒక తండ్రి రాసి ఇస్తే, దాన్ని చూసి ఏ జూనియర్ కళాశాలా సీటు ఇవ్వదు.

2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 21-ఎ అధికరణాన్ని చేర్చి, 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు చదువును ప్రాథమిక హక్కుగా చేసింది. దాని ననుసరించి వచ్చిన 2009 నాటి విద్యా హక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. బిడ్డను ఇరుగుపొరుగు బడిలో చేర్పించడం తల్లిదండ్రుల విధి అని ఆ చట్టం 10వ సెక్షన్ చెబుతుంది గాని, చేర్పించని తల్లిదండ్రులకు శిక్ష ఏదీ విధించలేదు. శిక్ష లేనంత మాత్రాన ఇంటి చదువు చట్టం గుర్తించిన పద్ధతి అయిపోదు. పైగా నలుగురైదుగురు నటుల పిల్లలను ఒక ఇంట్లో కూర్చోబెట్టి, దానికి ఒక పేరు పెట్టి బడిలా నడిపితే, గుర్తింపు లేని పాఠశాలల విషయమై 18వ సెక్షన్ విధించే లక్ష రూపాయల వరకు జరిమానాకు అది గురికావచ్చు. ఊరట కలిగించే అంశమూ ఒకటుంది: ఇంట్లో చదివిన బిడ్డ మళ్లీ బడికి వెళ్లదలిస్తే, వయసుకు తగిన తరగతిలోనే చేర్చుకోవాలని 4వ సెక్షన్ ఆదేశిస్తుంది.

సినిమా కుటుంబానికి మరింత ముఖ్యమైనది బాలకార్మిక చట్టం. 14 ఏళ్ల లోపు పిల్లలను పనిలో పెట్టుకోవడాన్ని నిషేధించిన 2016 సవరణ, సినిమాలు, టీవీ సీరియళ్లు, ప్రకటనలలో నటించే బాలలకు మినహాయింపు నిచ్చినా, ఆ పని బడి చదువుకు అడ్డు రాకూడదన్న షరతు మీదనే ఇచ్చింది. 2017 నాటి నియమాల ప్రకారం రోజుకు 5 గంటలకు మించి, విరామం లేకుండా 3 గంటలకు మించి, వరుసగా 27 రోజులకు మించి పిల్లలతో పని చేయించకూడదు. నిర్మాత ముందుగా జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి పొందాలి. పారితోషికంలో కనీసం 20 శాతం జాతీయీకరించిన బ్యాంకులో బిడ్డ పేరిట ఫిక్స్‌డ్ డిపాజిట్‌గా వేయాలి. బడి పాఠాలు తెగిపోకుండా చదువుకు తగిన ఏర్పాటు చేయాలి. ఈ చివరి నియమం బడి ఉన్నదన్న భావన మీదనే నిలిచి ఉంది. బడి రిజిస్టరులో పేరే లేని బిడ్డ విషయంలో ఏ పాఠాలు తెగిపోతున్నాయని తల్లి నిర్మాతను నిలదీయగలదు? అందుచేత 14 ఏళ్లు నిండేదాకా గుర్తింపు ఉన్న బడిలో పేరు ఉంచి, ప్రధానోపాధ్యాయుల అనుమతితో షూటింగు రోజుల పాఠాలను ఇంట్లో చెప్పించుకోవడమే బిడ్డకు క్షేమం. పదేళ్ల లోపు బిడ్డకు 5 గంటల మేకప్, లైట్ల తర్వాత పుస్తకం ఎక్కదన్నది కూడా తల్లి మనసులో ఉంచుకోవాలి. చట్టం అనుమతించినంతా ఒప్పుకోవలసిన పని లేదు.

14 నిండాక దారి విశాలమవుతుంది. మెట్రిక్ ప్రైవేటుగా కట్టడం తెలుగునాట పాత తరాలకు బాగా తెలిసిన మాటే. నేడు ఆ స్థానాన్ని సార్వత్రిక పాఠశాలలు తీసుకున్నాయి. 1989లో నేషనల్ ఓపెన్ స్కూల్‌గా మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ (ఎన్‌ఐఓఎస్), 1991లో హైదరాబాదులో ఏర్పడిన రాష్ట్ర ఓపెన్ స్కూల్ సొసైటీకి వారసురాలైన తెలంగాణ సొసైటీ, ఈ రెండూ 14 ఏళ్లకు పదవ తరగతి, 15 ఏళ్లకు ఇంటర్‌తో సమానమైన కోర్సులో చేర్చుకుంటాయి. ఇంటర్ బోర్డు కూడా ఆర్ట్స్ గ్రూపులకు హాజరు మినహాయింపుతో ప్రైవేటు అభ్యర్థులను పరీక్షకు అనుమతిస్తోంది. ఓపెన్ స్కూల్ వారికి వైద్య ప్రవేశ పరీక్ష నీట్ రాసే అర్హత లేదన్న నిబంధనను ఢిల్లీ హైకోర్టు 2018లో కొట్టివేయగా, సుప్రీంకోర్టు 2024లో ఆ వివాదాన్ని విద్యార్థులకు అనుకూలంగానే ముగించింది.

డిప్లొమాల పేరిట ప్రైవేటు సంస్థలు ఇచ్చే కాగితాల విషయంలో మాత్రం గట్టి జాగ్రత్త అవసరం. 1956 నాటి యూజీసీ చట్టం 22వ సెక్షన్ ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం చట్టబద్ధమైన విశ్వవిద్యాలయాలకు, ఆ హోదా గాని, పార్లమెంటు చట్టం ద్వారా ప్రత్యేక అధికారం గాని పొందిన సంస్థలకు మాత్రమే ఉంది. వరుస తప్పిన చదువు ఎంత నష్టం చేస్తుందో సినిమా రంగానికి చెందిన కేసే చూపింది: చెన్నైలోని ప్రభుత్వ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ప్రిన్సిపాల్ పదవిపై వచ్చిన వివాదంలో, డిగ్రీ లేకుండా సార్వత్రిక పద్ధతిలో నేరుగా పొందిన ఎం.ఏ. చెల్లదని సుప్రీంకోర్టు 2009లో అన్నామలై విశ్వవిద్యాలయం కేసులో తేల్చింది. జూబ్లీహిల్స్‌లోనే ఉన్న అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 1982లో దేశంలోనే తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పుట్టి, బడి ముఖం చూడని ఎందరినో అర్హత పరీక్షతో డిగ్రీ దాకా నడిపించిన గొప్ప సంస్థ. అయినా అన్నామలై కేసు తీర్పు తర్వాత పది, ఇంటర్, డిగ్రీ అన్న వరుసను వదలకుండా వెళ్లడమే మేలు.

తల్లులు తరచు మరచే అంశం స్థానికత. ప్రవేశాలకు సంబంధించిన 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు, ఏ విద్యాసంస్థలోనూ చదవని అభ్యర్థికి బడులు ఇచ్చే బోనఫైడ్ ధ్రువపత్రాలకు బదులు, అర్హత పరీక్షకు ముందు 4 ఏళ్ల నివాసాన్ని ఆధారంగా తీసుకుంది. అవుట్‌డోర్ షూటింగుల కోసం ఊళ్లు మారే కుటుంబం గనుక, తహసీల్దారు ఇచ్చే నివాస ధ్రువపత్రం, ఓపెన్ స్కూల్ ప్రవేశ రసీదులు, బడి వదిలేనాటి టీసీ, ఈ మూడింటినీ తేదీల వారీగా భద్రపరచి, కౌన్సెలింగ్ ఏడాది నిబంధనలతో సరిచూసుకోవాలి.