చెరువును కాపాడుకునే చదువు
(ఉప్పల్ - నాచారం ప్రాంతాలపై ఒక పరిశీలన)

హైదరాబాదు నగరానికి తూర్పున ఉన్న ఉప్పల్, నాచారం, రామంతాపూర్ ఒకనాడు చెరువుల కింద సేద్యం చేసుకున్న పల్లెలు. తరువాత నాచారంలో పారిశ్రామికవాడ వెలసింది. 1961లో స్థాపితమైన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉప్పల్ రోడ్డు పక్కనే ఉన్నది. పొలాలు కాలనీలయ్యాయి. నీరటి తూము తీసి మడికి నీరు వదిలే రోజులు పోయాయి. చెరువులు మాత్రం ఉప్పల్ నల్ల చెరువు, రామంతాపూర్ పెద్ద చెరువు అనే పేర్లతో ఇంకా మన మధ్య ఉన్నాయి. పొలమే లేనప్పుడు చెరువు ఎందుకు అని అడిగేవారున్నారు. ఈ ప్రశ్నకు 2020 అక్టోబరు 13, 14 తేదీల వాన జవాబు చెప్పింది. ఆ కుండపోతకు ఉప్పల్, రామంతాపూర్ ప్రాంతాల్లో కాలనీలు నీట మునిగాయి. నీటికి దాని చోటు మనం ఇవ్వకపోతే, అది మన ఇంట్లో చోటు వెతుక్కుంటుంది.

చెరువు ఎట్లా చచ్చిపోతుంది?

మన చెరువులు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు అలుగు పారితే కింది చెరువు నిండుతుంది, చివరకు నీరు మూసీ చేరుతుంది. వాన నీరు పారవలసిన కాలువలో మురుగు పారడంతో జబ్బు మొదలవుతుంది. మురుగులోని సేంద్రియ పదార్థాన్ని సూక్ష్మజీవులు తింటాయి. అందుకు అవి నీటిలో కరిగి ఉన్న ప్రాణవాయువును వాడుకుంటాయి. ఎంత మురుగు ఉంటే అంత ప్రాణవాయువు ఖర్చవుతుంది. శాస్త్రజ్ఞులు బి.ఓ.డి. అని కొలిచేది దీనినే. స్నానానికి పనికివచ్చే నీటిలో ఇది లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటరాదు. ప్రాణవాయువు తగ్గితే చేపలు చస్తాయి. మురుగులోని నత్రజని, భాస్వరం గుర్రపు డెక్కకు ఎరువవుతాయి. అది నీటిని కప్పేస్తే వెలుతురు లోపలికి పోదు, దోమలు పెరుగుతాయి.

ఇక్కడ వాలంటీర్లు మొదటి పాఠం నేర్చుకోవాలి. ఒక ఆదివారం అందరూ కలిసి గుర్రపు డెక్క పీకి గట్టున వేస్తారు, ఫొటోలు దిగుతారు. కొన్ని వారాలకు అది మళ్ళీ కమ్ముకుంటుంది. అప్పుడు ఉత్సాహం చల్లబడుతుంది. తప్పు వారి శ్రమలో లేదు. మురుగు వచ్చే దారి మూయకుండా చెరువును కడగడం, నల్లా కట్టకుండా ఇల్లు తుడవడం లాంటిది.

మురుగు శుద్ధి కేంద్రాలు లేవా అంటే, ఉన్నాయి. మూసీ కాలుష్య నివారణ పథకం కింద నాగోలులో రోజుకు 17 కోట్ల 20 లక్షల లీటర్లు, నల్ల చెరువు వద్ద 3 కోట్ల లీటర్లు శుద్ధి చేయగల కేంద్రాలు కట్టారు. కాని కేంద్రానికి చేరని మురుగును ఏ యంత్రమూ శుద్ధి చేయలేదు కదా! ఏ గొట్టం ఏ కాలువలో కలుస్తున్నదో కనిపెట్టగలవాడు ఆ వీధిలో నడిచే మనిషే.

మన నగరంలోనే ఒక ఉదాహరణ

నగరానికి పడమర దిక్కున నెక్నాంపూర్ చిన్న చెరువులో ధ్రువాంశ్ అనే స్వచ్ఛంద సంస్థ పనిచేసింది. అక్కడ 2018లో సుమారు 3,000 చదరపు అడుగుల తేలే మొక్కల తెప్పను నీటిపై నిలిపారు. దీని కిటుకు చాలా సులువు. వట్టివేరు, మెట్టతామర వంటి మొక్కల వేళ్ళు నీటిలో వేలాడుతూ నత్రజనిని, భాస్వరాన్ని పీల్చుకుంటాయి. వేళ్ళను పట్టుకుని బతికే సూక్ష్మజీవులు మురుగును విడగొడతాయి. పెద్ద ఖర్చుతో పని లేదు. కాని రోజూ చూసుకునే మనుషులు కావాలి.

చట్టం మన చేతిలో ఏమి పెట్టింది?

1976లో రాజ్యాంగంలో చేరిన 51-ఎ అధికరణం చెరువులను, నదులను కాపాడడం పౌరుని ప్రాథమిక విధి అన్నది. నీటి కాలుష్య నివారణ చట్టం 1974లో వచ్చింది. మన భవన నిర్మాణ నియమాల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు నిండు నీటి హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న చెరువుకు 9 మీటర్లు ఖాళీ వదలాలి. 2005 నాటి సమాచార హక్కు చట్టంతో చెరువు పటం అడగవచ్చు. 2010 చట్టంతో ఏర్పడిన జాతీయ హరిత ట్రిబ్యునల్‌కు నష్టపోయిన వారు ఎవరైనా వెళ్ళవచ్చు. కాగితం చదవగలవాడు కాలేజీ కుర్రవాడే గనుక ఇది మన పని.

ఒక చిక్కు ప్రశ్న

ఇక్కడ మనం నిజాయితీగా ఆలోచించాలి. నాచారం ఫ్యాక్టరీల మీద వేల కుటుంబాలు బతుకుతున్నాయి. నగరం దిగువన మూసీ నీటితోనే పీర్జాదిగూడ వైపు రైతులు పశుగ్రాసం పెంచారు. ఆ గడ్డి మేసిన బర్రెల పాలు నగరానికే వచ్చాయి. శిఖం భూమి అని తెలియక ప్లాటు కొని, అప్పు తెచ్చి గది వేసుకున్న పేదవాడున్నాడు. "అన్నీ మూయండి, అన్నీ కూల్చండి" అని గట్టు మీద నిలబడి అరిస్తే చప్పట్లు వస్తాయేమో గాని, చెరువు పక్కన బతికేవాడు మనకు దూరమవుతాడు. విషపు నీరు ముందుగా తాకేది ఆ కార్మికుని ఇంటి బోరునే. అతడు మన ఎదిరి పక్షం కాదు, మొదటి సాక్షి. అతనితో మాట్లాడకుండా వేసిన పథకం నిలవదు.

మనం చేయగలిగినది

మిత్రులారా! కెమిస్ట్రీ విద్యార్థులు నెలకొకసారి ఒకే చోట నీటి నమూనా తీసి, ఉష్ణోగ్రత, పి.హెచ్., కరిగిన ప్రాణవాయువు కొలిచి పుస్తకంలో రాయండి. జువాలజీ వారు పక్షులను లెక్కించండి. సోషియాలజీ వారు గట్టు వెంబడి ఇళ్ళలో ముసలివారిని అడిగి పాత అలుగు, పాత కాలువ ఎక్కడో గుర్తించండి. వినాయక చవితికి మట్టి విగ్రహం అడగండి. ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్ నీటిలో త్వరగా కరగదు. ముఖ్యంగా, మీరు డిగ్రీ పుచ్చుకుని వెళ్ళేటప్పుడు ఆ పుస్తకాన్ని జూనియర్ల చేతిలో పెట్టి వెళ్ళండి. ఒక్క నెల కొలతను ఏ అధికారీ లెక్కచేయకపోవచ్చు. పదేళ్ళ కొలతను పక్కన పెట్టడం కష్టం.

బతుకమ్మను సాగనంపడానికి మన ఆడబిడ్డలు పూలు పట్టుకుని చెరువుకే పోతారు. ఆ గట్టుకు చేరినప్పుడు వారు ముక్కు మూసుకోకుండా ఉండాలి. మన చదువుకు ఈ పరీక్ష కూడా ఉన్నదని మరచిపోవద్దు.